మా ఆయన కట్టిన అనప పందిరి

మా ఆయన ఓబుళేశు ఎవరితో మాట్లాడినా మూడో మాట నీళ్ల గురించే ఉంటుంది. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు కూడా నన్ను సరిగా చూడలేదు. మా పెరట్లో బావిలోకి తొంగి చూసి, "ఎంత లోతుండాది మామా?" అని మా నాయనను అడిగాడు. పిల్ల నచ్చిందా అని వాళ్ల పెద్దమ్మ అడిగితే, "నీళ్లు తియ్యగుండాయి" అన్నాడట. దాన్నే నచ్చినట్టు లెక్కేసుకుని ముహూర్తం పెట్టారు. నా కర్మ అలా మొదలైంది.

వేంపల్లెలో ఆయనకు మోటార్ల అంగడి ఉంది. బోరు మోటార్లు అమ్ముతాడు, కాలిపోయినవి బాగుచేయిస్తాడు. చుట్టుపక్కల ఏ చీనీ తోటకు, ఏ అరటి తోటకు తన మోటారు నీళ్లు తోడుతోందో అడక్కపోయినా చెప్తాడు. అంతమంది తోటలు పచ్చగా చేసిన మనిషి స్వయంగా ఒక్క మొక్క నాటిన పాపాన పోలేదు. మా మెట్ట చేను ఎప్పుడో గుత్తకు ఇచ్చేశాడు. మా ఇంట్లో తులసి చెట్టు నేను బతికి ఉన్నాను కాబట్టి బతికి ఉంది. అయినా సేద్యం గురించి ఎవరేం అడిగినా ఆయన దగ్గర జవాబు ఒక్కటే. "నీళ్లు పెట్టబ్బా. నీళ్లు పెడితే రాయి గూడా కాపుకొస్తాది."

ఆ నీళ్ల పిచ్చి ఊరికే పట్టలేదు. మా మామ తన చేనులో బోరు మీద బోరు వేయించాడు. ప్రతిసారీ తెల్ల దుమ్ము తప్ప చుక్క రాలేదు. ఆ దుమ్ము మీద పడి తెల్లగా అయిపోయిన తండ్రి ముఖం చూసినప్పుడు మా ఆయనకు పదహారేళ్లు. ఆ మాట నాకు ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే ఆయన ఎంత మొండిగా ఉన్నా నేను పూర్తిగా తిట్టలేను. ముప్పాతిక మాత్రం తిడతాను.

మా ఒక్కగానొక్క కొడుకు భూపేష్ బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, అమలాపురం దగ్గరి పిల్ల శిల్పను ఇష్టపడ్డాడు. ఆయన అడ్డు చెప్పలేదు. "నీళ్లుండే ఊరోళ్లు, ఇంగేం గావాల" అని సంతోషంగానే బయల్దేరాడు. పెళ్లి భోజనాల దగ్గర తెగింది. వియ్యంకుడు సరదా మనిషి. పనసపొట్టు కూర కొసరి వేయిస్తూ, "మీ వైపు ఏం పండుతాయండీ బావగారూ? రాళ్లేనా?" అన్నాడు. బంతిలో అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ఆకు సగంలో మడిచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. "ఆ ఇంటోళ్లతో నేను మాట్లాడను" అని అక్కడే నాతో ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు వియ్యంకుడి మీద, శిక్ష కోడలికి!

పెళ్లయిన ఏడాదికి కరోనా వచ్చింది. ఆ ఉగాదికి ముందు భూపేష్ శిల్పను మా దగ్గరికి తీసుకొచ్చాడు. పిల్లకు మూడో నెల, ఒకటే వాంతులు. "ఆఫీసులో చిన్న పనుందమ్మా, పండగలోపల వస్తా" అని ఆమెను నా దగ్గర వదిలి బెంగళూరు పోయాడు. వాడు అటు పోవడం, ఇటు దేశమంతా తాళం పడటం. వాడు అక్కడ ఇరుక్కున్నాడు, ఆమె ఇక్కడ ఇరుక్కుంది. ఆమెతో మాట్లాడని మామ అంగడి మూసుకుని నట్టింట్లో కూర్చున్నాడు.

ఆయన మాట్లాడకపోవడం ఎలా ఉండేదంటే, ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. ఆయన నా వైపు చూసి, "ఆ పిల్లకు చెప్పు, టీ చల్లారిపోతాండాది" అంటాడు. ఆ పిల్ల రెండడుగుల దూరంలో ఉంటుంది. "తాగుతున్నానని చెప్పండి అత్తయ్యగారూ" అంటుంది, భయంగా. నేను మధ్యలో పోస్టాఫీసు. ఒకరోజు నాకు ఒళ్లు మండి, "నాకు గొంతు నొప్పిగా ఉంది, మీరిద్దరే మాట్లాడుకోండి" అన్నాను. గొంతు నొప్పి అనగానే ఆయన మాస్కు తెచ్చి నాకు తగిలించి, వేరే గదిలో పెట్టి, కషాయం తాగించాడు. మాట్లాడటం మాత్రం మాట్లాడలేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

అంతలో మా వీధిలో ఎవరికో కరోనా అని తేలి రెండు వైపులా దారికి అడ్డంగా కట్టెలు కట్టేశారు. కూరగాయల బండి రావడం మానేసింది. వాలంటీరు పిల్ల ఒక సంచి తెచ్చి గేటుకు తగిలించి పరిగెత్తేది. అందులో ఎప్పుడు చూసినా టమోటాలు, ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు. వాటిని మా ఆయన బట్టల సబ్బు పొడిలో నానబెట్టేవాడు. పసుపు నీళ్లలో ఒకసారి, ఉప్పు నీళ్లలో ఒకసారి జాడించేవాడు. పొయ్యి మీద పెడితే టమోటా పప్పు నురగ కక్కేది. ఇక మిగిలింది రాగి సంగటి, చెనిక్కాయలు, మిరపకాయలు కలిపి నూరిన ఊరిబిండి. పొద్దున సంగటి, ఊరిబిండి. సాయంత్రం మార్పు కావాలి కదా, ఊరిబిండి, సంగటి.

మాకు సంగటి అమృతం. గోదావరి పిల్లకు, అందునా వేవిళ్లలో ఉన్న పిల్లకు, అది గొంతు దిగేది కాదు. ఆమె కోసం అన్నం వండినా కూర ఏదీ? ఊరిబిండి వేలికి రాసుకుని నాలుక మీద పెట్టుకుంటే కళ్లలో నీళ్లు. "ఏం తింటావమ్మా, చెప్పు, ఎట్లనో తెప్పిస్తా" అని నేను అడిగితే, "ఏం వద్దండీ, అన్నీ బాగున్నాయండీ" అనేది. బుగ్గలు లోపలికి పోయాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. డాక్టరమ్మ ఫోన్లో, "బరువు పెరగాలి, ఏదైనా సరే తినాలి" అంది.

నాకు ఒకటే గుబులు. ఆ పిల్ల ఇట్లా ఎండిపోయి, మామ నోట ఒక్క మాట వినకుండా ఈ ఇంటి నుంచి పోయిందంటే, మళ్లీ ఈ గడప తొక్కదు. బలవంతంగా తొక్కినా చుట్టంలాగా వచ్చి చుట్టంలాగా పోతుంది. కోడలు రాని ఇంటికి కొడుకు ఎన్నాళ్లు వస్తాడు? ఇది నేను మా ఆయనకు చెప్పాను, ఏడుస్తూనే చెప్పాను.  ఆయన ఆ రోజు నుంచి శిల్ప ఫోన్లో మాట్లాడుతుంటే గోడ అవతల నిలబడి వినడం మొదలుపెట్టాడు. మాట్లాడనని ఒట్టు గానీ విననని ఒట్టు లేదు కదా.

ఒక సాయంత్రం వంటింట్లోకి ఊడిపడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"మే, దొరికింది. ఆ పిల్లకు ఏం గావాల్నో తెలిసింది."

"ఏంది?"

"అనపకాయ! వాళ్లమ్మకు చెప్తాంటే ఇన్నా. పందిరి మీద లేత అనపకాయ కోసి పాలు పోసి వండుతావే, అది ఉంటే ముద్ద దిగేది అని ఏడుస్తాంది. అది గూడా ఒక కోరికేనా, మన అనపకాయ!"

నేను కూడా సంతోషపడ్డాను, తర్వాత అనుమానపడ్డాను. "అనపకు పందిరేందయ్యా? చేన్లో సాలు పెడతారు గానీ."

"నీళ్లెక్కువైనోళ్ల సోకులు మే. వాళ్లు అనపకు గూడా పందిరేస్తారు."

"గింజల్లో పాలు పోస్తారా ఎవరైనా?"

"పాలు గూడా ఎక్కువైనట్టుండాయి."

గోదావరి వైపు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఈపాటికి నవ్వుతూ ఉంటారు. నవ్వండి, నవ్వండి. మా సీమవాళ్లకు మాత్రం నేనిప్పుడే చెప్పను. మేమెలా మోసపోయామో వాళ్లూ కాసేపు అలాగే మోసపోవాలి.

అనప అంటే మా దగ్గర చిక్కుడు జాతి గింజ. కాయ వలిచి, గింజ నానబెట్టి, పైతోలు పితికి తీసి పితికిపప్పు చేస్తే కుండెడు సంగటి ఎటు పోయిందో తెలియదు. నా డబ్బాలో పోయినేటి ఎండు అనపగింజలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం ఆయన విత్తనానికి లాక్కున్నాడు. "ఆ పిల్లకు చెప్పాకు. కాసినంక చూసుకుంటుంది" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్లు ఆయనకు సెంటు భూమి లేకుండా పండే పంట.

మిగిలిన సగం నేను ఆపుకోలేక మర్నాడే వండాను. ఉడకబెట్టి, మనసు రాయి చేసుకుని, పాలు పోశాను. పాలు విరిగాయి. విరిగినా పర్వాలేదు, వాళ్ల పద్ధతేమో అనుకుని పళ్లెంలో పెట్టాను. శిల్ప నాలుగు ముద్దలు తింది.

"మీ అమ్మ చేసినట్టే ఉందా?" అన్నాను ఆశగా.

"ఉందండీ. బాగుందండీ" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, అమ్మ గుర్తొచ్చిందనుకున్నాను. తర్వాత పెరట్లోకి పరిగెత్తింది. ఆ నాలుగు ముద్దలతో పాటు పొద్దున తిన్నది కూడా పోయింది.

ఇక మిద్దె మీద సేద్యం మొదలైంది. ఇది విత్తే కాలం కాదని, అనప చలికే పూస్తుందని, మా పుట్టింట్లో పుట్టినప్పటి నుంచి చూశానని నెత్తీ నోరూ బాదుకున్నాను. "నీళ్లు పెడితే యా కాలమైనా కాస్తాది, గమ్మునుండు" అన్నాడు. పగిలిన నీళ్ల ట్యాంకు అడ్డంగా కోసి మట్టి నింపాడు. గింజలు పెట్టాడు. నీళ్లు ఎలా పోయాలి? చెంబుతో పోస్తే మోటార్ల ఓబుళేశు పరువేం కావాలి! అంగడి నుంచి మోటారు తెచ్చి బిగించాడు. స్విచ్చి వేయగానే వచ్చిన ధారకు మట్టి, గింజలు, ఎరువు అన్నీ కలిసి వీధిలోకి ఎగిరిపడ్డాయి. కట్టెల దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ టోపీ తీసి దులుపుకుని, "ఏమప్పా ఓబుళేశూ, కరోనా మందా ఇది?" అని అరిచాడు.

రెండోసారి చెంబుతోనే పోశాడు. గింజలు మొలిచాయి. మొలిచిన రోజు ఆయన నాలుగైదుసార్లు మెట్లెక్కి చూసొచ్చాడు. అంత వయసులో ఆ మోకాళ్లతో ఆయన అలా ఎక్కి దిగుతుంటే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. పందిరి కూడా మామూలు పందిరి కాదు. బోరులోకి దించే ఇనప పైపులు నిలబెట్టి, మోటారు కట్టే తాళ్లతో అల్లాడు. ఏనుగును కట్టేసినా ఊగదు. అనపతీగకు తగ్గట్టే పట్టు దొరికింది. ఎండాకాలం పోయేసరికి పందిరంతా కమ్మేసింది. ఆకు మీద ఆకు. పువ్వు మాత్రం ఒక్కటి లేదు.

పక్క మిద్దె రత్నమణిది. టైలరింగ్ చేసుకునే మనిషి, నోరు మంచిది, చెయ్యి ఇంకా మంచిది. ఆమె ఉత్తిపుణ్యానికి ఒక మూల సొరగింజ పడేస్తే అది పిట్టగోడ ఎక్కి, మా వైపు దిగి, మా పందిరిని పట్టుకుని, కాయల మీద కాయలు వేసింది. చంటిపిల్లల్లాంటి సొరకాయలు మా వైపే వేలాడేవి.

"ఓబుళేశన్నా, మీ పక్కకు కాసినవి మీవే, కోసుకోండి" అనేది ఆమె.

"మాకొద్దమ్మా, నీళ్ల కాయ, జలుబు చేస్తాది. మా ఇంట్లో కడుపుతో ఉండే పిల్ల ఉండాది. దానికి అనపకాయ గావాల" అనేవాడు ఈయన. నీళ్లంటే ప్రాణమిచ్చే మనిషికి నీళ్ల కాయంటే చేదు! అంతటితో ఊరుకున్నాడా? సొరతీగ తన పందిరి మీదికి వస్తే అనపకు ఎండ తగలదని, రోజూ కొడవలి తీసుకుని దాని కొసలు కత్తిరించేవాడు. తినకపోతే పోయె, తెంపడం ఎందుకని నేను అడిగితే, "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అని సామెత చెప్పాడు.

శిల్పకు ఇదంతా తెలియదు. కడుపుతో ఉన్న పిల్ల మెట్లెక్కకూడదని నేనే మిద్దె మీదికి పోనివ్వలేదు. మామగారు పైన ఏదో మోటారు పని చేసుకుంటున్నాడని అనుకునేది. కొంచెం పెరుగన్నం, కొంచెం గంజి, అలా నెట్టుకొస్తోంది.

జూన్ నెలలో వియ్యంకుడు ఎట్లాగో పాసు సంపాదించి, పిల్లను తీసుకుపోవడానికి మర్నాడు పొద్దున కారు పంపుతున్నానని ఫోన్ చేశాడు.  మా ఆయనకు చెప్పాను. ఆయన కొడవలి తీసుకుని మిద్దె ఎక్కాడు. ఇన్ని నెలల్లో ఆ పిల్లకు మేము పెట్టింది ఊరిబిండి మంట, పాలు విరిగిన గింజలు. కనీసం మామ పడిన పాటైనా చూసి పోనీ అనుకున్నాను. ఒట్టు గట్టున పెట్టి, శిల్ప చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లెక్కించాను.

ఆమె పందిరి చూసి ఆగిపోయింది. "అమ్మో, ఎంత పెద్ద పందిరండీ! ఏం తీగండీ ఇది? చిక్కుడా?"

"చిక్కుడెందుకైతుంది? అనప. నువ్వడిగిన అనపకాయ."

"నేనా?"

"మీ అమ్మకు ఫోన్లో చెప్తివి గదా. పందిరి మీద అనపకాయ, పాలు పోసిన కూర. నీ కోసమే మీ మామ ఇది వేసినాడు."

ఆ పిల్ల తీగ వైపు చూసింది. మామ వైపు చూసింది. ఆయన కొడవలి పట్టుకుని, అప్పుడే కోసిన సొరతీగ కొస చేతిలో పెట్టుకుని, ఆకాశం వైపు చూస్తున్నాడు. శిల్ప నెమ్మదిగా పిట్టగోడ దాకా పోయి, అక్కడ వేలాడుతున్న సొరకాయ మీద చెయ్యి వేసింది.

"అత్తయ్యగారూ... మా వైపు ఆనపకాయంటే ఇదండీ."

ఒక్క దీర్ఘం! 'అ' కాదు, 'ఆ'. మా అనపకాయ గింజ, వాళ్ల ఆనపకాయ సొరకాయ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. మేము అంతకన్నా ఘనులం. చంకలో పిల్లను రోజూ కొడవలితో తరిమాం.

"మరి ఆ రోజు నేను వండిన పాలు పోసిన గింజలు?" అన్నాను.

"అది మీ సీమ వంట అనుకున్నానండీ! కాదంటే మీరు బాధపడతారని..."

"మేము మీ వంట అనుకుంటిమి గదమ్మా!"

శిల్ప నవ్వడం మొదలుపెట్టింది. మా ఇంటికి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు. ట్యాంకు అంచు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. చూస్తుండగానే ఆ నవ్వు ఏడుపైపోయింది. "నా కోసమా అండీ ఇదంతా? నా కోసమా?" అని ఆ ఇనప పైపును నిమురుతూ ఏడ్చింది.

 మా ఆయన కొడవలి కింద పెట్టి గబగబా మెట్లు దిగిపోయాడు. నాకు మండిపోయింది. ఇప్పుడు కూడా మాట్లాడడా ఈ మనిషి అని పళ్లు కొరుక్కుంటుంటే, పక్కింటి వాకిట్లో ఆయన గొంతు వినిపించింది. శిల్ప, నేను పిట్టగోడ మీది నుంచి వంగి చూశాం. ఎప్పుడూ గడ్డం కింద వేలాడే మాస్కు ఆ రోజు కళ్ల దాకా లాక్కుని నిలబడ్డాడు.

"రత్నమణీ, ఒక లేత సొరకాయ ఉంటే ఇయ్యమ్మా."

"ఏమన్నా, నీళ్ల కాయంటివే?"

"నీళ్ల కాయే. ఇయ్యి."

"రోజూ కొసలు కోస్తాంటివి గదన్నా, లేతవి యాడుంటాయి?"

"తప్పైపాయ తల్లీ. ముదిరిందైనా ఇయ్యి."

రత్నమణి నవ్వుతూ లేతవే మూడు కోసి ఇచ్చింది. ఆయన వాటిని తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, హాల్లోకి పోయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పాత పేపరు. కరోనా మొదలైనప్పటి నుంచి కొత్త పేపరు వేయించుకోవడమే లేదు.

శిల్ప నాకు దగ్గరుండి నేర్పింది. ముక్కలు ఉడికాక, దించే ముందు పాలు పోయాలట. అప్పుడు విరగవట. ఆ రోజు ఆ పిల్ల రెండుసార్లు అన్నం కలుపుకుని తింది, గిన్నె అడుగు కూడా ఊడ్చింది. నాకు కడుపు నిండిపోయింది. పేపరు వెనక నుంచి గొంతు వచ్చింది. "ఆ పిల్లకు ఇంగొంచెం వెయ్యి."

తెల్లవారి కారు వచ్చింది. శిల్ప నా కాళ్లకు మొక్కింది, ఆయన కాళ్లకు మొక్కింది. ఆయన తల మీద చెయ్యి పెట్టాడు. నోరు తెరుస్తాడేమోనని నేను చూశాను. నా వైపు తిరిగి, "జాగర్తగా పొమ్మని చెప్పు" అన్నాడు.

కారు కదలబోతుంటే శిల్ప అద్దం దించి తల బయట పెట్టింది. "మావయ్యగారూ, ఆ తీగ పీకేయకండి. కాయలు కాస్తే నాకు కావాలి."

"ఊఁ" అన్నాడు ఈయన.

కారు మలుపు తిరిగాక ఆయన మీద పడ్డాను. "ఒక్క మాట మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? ఇంగా ఆ పిల్ల మన ఇంటికి వస్తుందా?" అని వీధి వినేలా అరిచాను. ఆయన తిరిగి అరవలేదు. "మాట రాలేదు మే. నేనేం చేద్దును?" అన్నాడు. ఒట్టు కన్నా సిగ్గు గట్టిది కాబోలు. ఇన్నాళ్లు మాట్లాడకుండా ఉన్న మనిషి ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

తర్వాత ఐదారు నెలలు ఆ తీగే ఆయనకు లోకం. కట్టెలు తీసేశారు, అంగడి తెరిచాడు, కూరగాయల బండి మళ్లీ వచ్చింది. పువ్వు లేని తీగను ఎందుకు మేపుతున్నావని చూసినవాళ్లంతా అన్నారు. "ఆ పిల్ల పీకొద్దనింది" అనేవాడు. ఆ తీగ కాస్తే కోడలు మనదవుతుందని లోపల ఏదో లెక్క పెట్టుకున్నాడు. పైకి చెప్పడు గానీ, నాకు తెలుసు. కాయకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని నేను కూడా తులసికి పోసేటప్పుడు దానికీ ఒక చెంబు పోశాను. రత్నమణి సొరతీగకు ఆయనే చెయ్యి పట్టుకుని దారి చూపించాడు, పందిరి మీద సగం దానికి రాసిచ్చాడు. దసరాకు ముందు శిల్పకు ఆడపిల్ల పుట్టింది, భూపేష్ బెంగళూరు నుంచి నేరుగా అటే పోయాడు. బిడ్డ చిన్నది, కరోనా ఇంకా ఉంది, ఇప్పట్లో ప్రయాణం వద్దన్నారు.

డిసెంబరు చలి మొదలైందో లేదో, అనప విరగబూసింది. సంక్రాంతి దాటేసరికి పందిరి నిండా కాయ. నేను చెప్పిన చలికే పూసింది కదా అంటే, "నీళ్లు బాగా పెట్టినా గదా" అన్నాడు! సరే పొమ్మన్నాను. మొదటి కోత అంతా గోనెసంచికి ఎత్తి, బస్సు పార్సిల్లో అమలాపురం పంపించాడు. అందిన రోజు నా చేత నంబరు కలిపించుకుని, స్పీకరు పెట్టించుకుని ఫోను తనే పట్టుకున్నాడు. ఒట్టు పెట్టుకున్నాక ఆ ఇంటికి ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. ఎత్తింది వియ్యపురాలు శివకుమారి.

"అమ్మా, నేను ఓబుళేశును. అనపకాయలు పంపినా, పార్సిలు అందిందంట గదా."

"అందిందండీ అన్నయ్యగారూ, ఇంకా విప్పలేదు. ఆనపకాయలకు అంత దూరం నుంచి పార్సిలు ఎందుకండీ? మా పెరట్లో దొర్లుతున్నాయి. తినలేక గేదెలకు వేస్తున్నాం" అంది ఆమె, ఎంతో మర్యాదగా.

మా ఆయన ముఖం ఎర్రబడింది. ఫోను చేత్తో మూసి, "ఇన్నావా మే? మన అనపకాయలు గొడ్లకేస్తారంట!" అన్నాడు. పెళ్లి బంతిలో ఆకు మడిచినప్పటి ముఖమే అది. అయిపోయింది, మళ్లీ మొదటికొచ్చింది అనుకున్నాను. ఇన్ని నెలలు పోసిన నీళ్లన్నీ ఆ ఒక్క దీర్ఘంలో కొట్టుకుపోతున్నాయి.

అంతలో ఫోన్లో వెనక నుంచి శిల్ప కేక వినిపించింది. "అమ్మా! ఆనపకాయ కాదే. అనపకాయ. మా అనపకాయ!"

"మీ అనపకాయ ఏంటే?"

"మా వేంపల్లెదే. మా మిద్దె మీద మా మావయ్యగారు కాయించారు. ఒక్కటి గేదెకు వేశావంటే చూడు. ఫోనిలా ఇయ్యి."

మా ఆయన ఫోను మీద మూసిన చెయ్యి తీసేశాడు.  ఫోన్లో బిడ్డ కేరింత, దాని మీద శిల్ప గొంతు. "మావయ్యగారూ, అత్తయ్యగారు పితికిపప్పు అంటారు కదండీ, అదే చేస్తాను. గింజలు ఎంతసేపు నానబెట్టాలండీ?"

ఆయన అలవాటుగా నా వైపు చూశాడు. ఆ పిల్లకు చెప్పు అంటాడని నేను చెయ్యి చాచాను. ఆయన ఫోను ఇవ్వలేదు.

"రాత్రికి నానేసి పొద్దున పితుకమ్మా" అన్నాడు.  "పాలు మాత్రం పొయ్యాకు తల్లీ."